గడ్డి కొండల మీద గాజు పలకలు

ఊటీ పాత ఫొటోలు ఓ యాభై తీసి బల్ల మీద వరసగా పరిస్తే, ఈమధ్య అక్కడికి వెళ్లొచ్చినవాళ్ల కళ్లకు ముందుగా తగిలేది చెట్లు లేకపోవడం. సరస్సు ఉంటుంది. సెయింట్ స్టీఫెన్స్ చర్చి ఉంటుంది. వాలుల మీద అక్కడొకటి ఇక్కడొకటి బంగళాలుంటాయి. వాటి వెనకాల కొండలు మాత్రం నున్నగా, గడ్డి తప్ప మరేమీ లేకుండా, ఒకదాని మీద ఒకటి ఒరిగినట్టు దూరందాకా పోతాయి. లోయ మడతల్లో నల్లగా చిన్న చిన్న అడవి గుబుర్లు. వాటినే షోలాలంటారు. ఊటీ అనగానే మనకు గుర్తొచ్చే యూకలిప్టస్ తోపులు, వాటిల్ చెట్లు 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటినవి. మన సినిమా పాటల్లో హీరో హీరోయిన్లు చుట్టూ తిరిగిన చెట్లలో చాలా భాగం ఆ కొండలకు పరాయివే.

వేసవి విడిదుల పాత చిత్రాలను ఎలా చూడాలన్న ప్రశ్న మీద అర్ధ శతాబ్దంగా రాస్తూనే ఉన్నారు. కొందరికి అవి తీపి గుర్తులు. పొగమంచు, గులాబీ తోటలు, వెళ్లిపోయిన దొరల కాలం. మరికొందరు వాటిలో పాలకుల చూపునే చదివారు. ఎవరు కెమెరా వెనక నిలబడ్డారు, ఎవరిని ముందు నిలబెట్టారు, దానివల్ల ఎవరి అధికారం బలపడింది అన్నది వాళ్ల లెక్క. ఈ రెండూ కాక నెమ్మదిగా బలం పుంజుకున్న మూడో పద్ధతి ఒకటుంది. తీసినవాడు ఏం చూపించాలనుకున్నాడో దాన్ని కాసేపు పక్కన పెట్టి, వాడికి తెలియకుండానే ఆ పలక మీద ఏం పడిందో చూడటం. నేను మొగ్గేది ఈ మూడోవైపు. కానీ ఆ పద్ధతిలో చూడాలంటే బొమ్మ ఎలా తయారైందో ముందు తెలియాలి. అక్కడే చాలామంది తొందరపడ్డారు.

కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరులెక్కాడు. మూడేళ్లకు ఊటీలో రాతి బంగళా మొదలుపెట్టాడు. వాగుకు అడ్డకట్ట వేయించి సరస్సు చేయించాడు. రాయలసీమ దత్తమండలాలకు కలెక్టరుగా చేసి పేరు తెచ్చుకున్న సర్ థామస్ మన్రో, మద్రాసు గవర్నరు హోదాలో 1826లో అక్కడికొచ్చి సల్లివన్ దగ్గర బస చేశాడు. మరుసటి ఏడే పత్తికొండలో కలరాకు బలయ్యాడు. ఆ తర్వాతి గవర్నరు లషింగ్టన్ కాలంలో చర్చి లేచింది. దాని దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మహలు విప్పి తెచ్చిన కలప. ఇదంతా ఫొటో పుట్టకముందు సంగతి. కాబట్టి ఊటీ మొదటి బొమ్మలన్నీ చేత్తో గీసినవే, గీసినవాళ్లు చాలావరకు సైనికాధికారులే. కంపెనీ సైన్యంలో అధికారికి నేల వాలు, కోట గోడ, నది మలుపు చూసి గీయడం ఉద్యోగ విద్యలో భాగం. మెకర్డీ గీసిన నీలగిరి దృశ్యాలు, 1837లో లండన్‌లో అచ్చయిన రిచర్డ్ బ్యారన్ చిత్రాలు, 1847 నాటి పీకాక్ సంపుటి ఈ కోవలోవే.

ఈ మూడింట్లోనూ ఒకే వ్యాకరణం కనిపిస్తుంది. ముందు ఒక పక్కగా నల్లటి చెట్టో బండో, మధ్యలో వెలుతురు పడ్డ నీళ్లు, వెనక పలచబడుతూ పోయే కొండలు, ఓ మూలన చీమలంత మనుషులు. ఇంగ్లండులో అప్పటికే పాతబడిన ప్రకృతి చిత్రణ పద్ధతిది. పైగా అక్కడ గీసిన కాగితం లండన్ చేరాక దాన్ని రాతి అచ్చుకో రాగి అచ్చుకో ఎక్కించేవాడు వేరు, రంగులద్దేవాడు వేరు. వాళ్లు నీలగిరుల మొహం చూసినవాళ్లు కారు. ముందువైపు చెట్టు గీసినవాడు చూసిందా, అచ్చువేసినవాడు అలవాటుగా పెట్టిందా అని ఇప్పుడు తేల్చడం కష్టం. అందుకని ఈ తొలి చిత్రాల్లో చెట్లను లెక్కపెట్టి అడవి చరిత్ర రాసేవాళ్లను చూస్తే నాకు కొంచెం భయం. చెట్లు లేవని చెప్పిన చోట మాత్రం నమ్మవచ్చు. అందం కోసం చెట్టును చేర్చే సంప్రదాయంలో గీసిన చిత్రకారుడు కొండను బోడిగా వదిలాడంటే అది నిజంగా బోడిదే అయివుండాలి.

వీటి ప్రయోజనం కూడా మరిచిపోకూడదు. ఊటీ మొదట జబ్బుపడ్డ తెల్ల సైనికులు, ఉద్యోగులు కోలుకునే చోటు. అక్కడి గాలి మంచిదని, స్వదేశంలా ఉంటుందని లండన్‌లో కూర్చున్న కంపెనీ డైరెక్టర్లకు నచ్చజెప్పాలి. బొమ్మలు ఆ పని చేశాయి. అందరూ ఆ ప్రచారానికి లొంగలేదు. జబ్బు సెలవు మీద 1847లో వచ్చిన రిచర్డ్ బర్టన్ తర్వాత రాసిన పుస్తకంలో ఊటీ సమాజాన్ని తెగ ఎగతాళి చేశాడు. ఈ బొమ్మల్లో ఖాళీగా కనిపించే నేల మీద అప్పటికే తగాదా నడుస్తోంది కూడా. సల్లివన్ అక్కడి కొండజాతి తోడల దగ్గర ఎకరం రూపాయి చొప్పున భూమి కొన్నాడు. కొన్నానంటే అది వాళ్లదని ఒప్పుకున్నట్టే. తోడలకు ఆ గడ్డిభూముల మీద హక్కుందని ఆయన వాదించాడు, లషింగ్టన్ కాదన్నాడు. గున్నెల్ సెడర్‌లోఫ్, డెబోరా సటన్ లాంటి చరిత్రకారులు 2008, 2009లలో తెచ్చిన పుస్తకాలు ఈ భూమి తగాదాను లోతుగా తవ్వాయి. వాటిని చదివాక బ్యారన్ కొండల ప్రశాంతత మీద అంత నమ్మకం మిగలదు.

కెమెరా 1850ల చివరికి కొండెక్కింది. మద్రాసులో స్టూడియో నడిపిన నికొలస్ సోదరులు ఊటీలోనూ కొట్టు తెరిచారు. వాళ్ల దగ్గర పనిచేయడానికి 1865లో ఓ పదహారేళ్ల కుర్రాడు ఇంగ్లండు నుంచి వచ్చాడు. ఆల్బర్ట్ పెన్ అన్న ఆ కుర్రాడు తర్వాత సొంత స్టూడియో పెట్టుకుని, దాదాపు జీవితమంతా నీలగిరుల్లోనే గడిపి 1924లో చనిపోయాడు. హిమాలయాల ఫొటోలతో పేరు మోసిన శామ్యూల్ బోర్న్ కూడా 1869 ప్రాంతంలో ఇటు దిగి సరస్సునూ తోడ పల్లెలనూ తీసుకుపోయాడు. బోర్న్ అతిథి, పెన్ ఊరివాడు. ఇద్దరి ఫొటోలు పక్కపక్కన పెడితే ఈ తేడా తెలుస్తుంది. బోర్న్ చిత్రంలో అమరిక తిరుగులేనిది, ఎక్కడా ఒక్క గీత పొల్లుపోదు. పెన్ ఫొటోల్లో బురద రోడ్డు, సగం కట్టిన గోడ, ఊరికే నిలబడిన మనిషి తరచుగా దొర్లుతుంటాయి. చరిత్రకు పెన్ ఎక్కువ ఉపయోగం.

ఇక్కడే పనితనం సంగతి చెప్పుకోవాలి. అప్పటిది తడి కొలోడియన్ పద్ధతి. గాజు పలక మీద జిగురు ద్రావణం పోసి, వెండి లవణాల తొట్టిలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీసి, వెంటనే చీకటి గుడారంలో కడిగేయాలి. అంతా పది పదిహేను నిమిషాల పని. అంటే ఫొటోగ్రాఫరు ఎక్కడికి పోతే అక్కడికి చీకటి గది కూడా పోవాలి. గాజు పలకల పెట్టెలు, మందు సీసాలు, నీళ్లు, గుడారం, కెమెరా ముక్కాలి అన్నీ కూలీల నెత్తిన. మనుషులు లేని నిర్మల దృశ్యంగా మనం చూసే ప్రతి కొండ ఫొటోకీ ఇవతల, చట్రం అంచు బయట, బరువులు దించి నిలబడిన జనం ఉన్నారు. కదిలేదేదీ ఆ పలక మీద నిలవదు కూడా. కొన్ని సెకన్ల పాటు లెన్సు తెరిచి ఉంచాలి కాబట్టి నడిచే మనుషులు పొగలా చెదిరిపోతారు, మరీ వేగంగా పోతే మాయమవుతారు. పాత ఊటీ బజారు ఫొటోల్లో వీధులు ఖాళీగా కనిపిస్తే జనం లేరనుకోకూడదు.

రంగు విషయం ఇంకా విచిత్రం. కొలోడియన్ నీలానికి బాగా స్పందిస్తుంది, పసుపుకూ ఎరుపుకూ దాదాపు గుడ్డిది. ఆకాశం నీలం కనుక పలక మీద అది మాడిపోయి అచ్చులో తెల్లటి కాగితంలా తేలుతుంది. మబ్బులు నిలవవు. దూరపు కొండల మీది నీలి మసక కూడా అదే తెలుపులో కలిసిపోతుంది. నీలగిరి అన్న పేరుకు కారణమైన నీలమే ఆ కాలపు ఫొటోల్లో పడలేదన్నమాట. మొదటి వరస కొండ స్పష్టంగా, రెండోది పలచగా, మూడోది లేనే లేదు. దీన్ని చూసి, ఊటీని బయటి మైదానాల నుంచి విడదీసి తెల్లటి శూన్యంలో తేలే లోకంగా చూపించాలన్న సామ్రాజ్యవాద ఊహ అని భాష్యం చెప్పినవాళ్లున్నారు. భాష్యం బాగానే ఉంది. ఆ తెలుపులో ఎక్కువ భాగం మాత్రం రసాయనం చేసిందే.

ఇక తోడలు. నీలగిరుల మీద బడగలు, కోటలు, కురుంబలు, ఇరుళలు కూడా ఉన్నారు. 1901 నాటికి తోడల జనాభా సుమారు ఎనిమిది వందలు, బడగలు ముప్ఫై వేలు దాటారు. ఫొటోల్లో చూస్తే లెక్క తలకిందులు. సగం పీపాను బోర్లించినట్టుండే గుడిసె, దాని ముందు కూర్చున్న గడ్డాల మగవాళ్లు, జుట్టు ఉంగరాలు తిప్పుకున్న ఆడవాళ్లు, భుజాల మీంచి కప్పుకున్న ఎరుపు నలుపు అంచుల తెల్ల దుప్పటి. ఈ ఒక్క చిత్రమే ఏడు దశాబ్దాల పాటు రకరకాల చేతుల్లో పునరావృతమైంది. కారణాలు వెతకడం కష్టం కాదు. వాళ్ల రూపం, ఇళ్లు, గేదెల చుట్టూ తిరిగే మతం ఐరోపావాళ్లకు వింతగా తోచాయి. పైగా ఊటీ బొటానికల్ గార్డెన్‌ను ఆనుకునే ఓ తోడ పల్లె ఉంది. పొద్దున్న కాఫీ తాగి నడిచివెళ్లి మధ్యాహ్నం భోజనానికి తిరిగి రాగలిగినంత దగ్గర.

1873లో రెండు పుస్తకాలు వచ్చాయి, రెంట్లోనూ ఫొటోలున్నాయి. నీలగిరుల తొలి కమిషనరు జేమ్స్ బ్రీక్స్ రాసింది ఒకటి. అది వెలువడేలోపే ఆయన చనిపోతే భార్య దాన్ని పూర్తిచేసి అచ్చుకిచ్చింది. రెండోది విలియం మార్షల్‌ది. తలమీది ఎత్తుపల్లాలు తడిమి మనిషి గుణగణాలు చెప్పే శాస్త్రమనబడేది ఒకటి అప్పట్లో ఉండేది. మార్షల్ దాన్ని నమ్మినవాడు. తోడల ముఖాలను ఎదుటి నుంచి, పక్క నుంచి తీసిన చిత్రాలతో వాళ్ల స్వభావాన్ని తేల్చబోయాడు. తర్వాత మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ కొలత పరికరాలు పట్టుకుని ఇదే దారిన పోయాడు. మానవశాస్త్రవేత్త క్రిస్టఫర్ పిన్నీ 1997లో ఈ ఫొటోలకు ఒక మంచి చట్రం ఇచ్చాడు. కొండజాతులు త్వరలో అంతరించిపోతాయి కనుక అంతకుముందే బొమ్మ తీసి దాచుకోవాలన్నది ఒక ధోరణి, మైదానపు కులాలను గుర్తుపట్టి అదుపులో పెట్టుకోవడానికి ఫొటో అన్నది మరో ధోరణి అంటాడాయన. తోడలు మొదటిదాంట్లో పడ్డారు. అంతరించిపోతారని రాసిపెట్టిన తోడలు ఇవాళా ఉన్నారు. వాళ్ల దుప్పటి కుట్టుపనికి 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

చూపు, అధికారం అన్న విమర్శ ఇక్కడ నూటికి నూరుపాళ్లూ సరైనదే. ఇబ్బందల్లా అది ఒకసారి చెప్పాక ఇంకేం చెప్పాలో దానికే తోచకపోవడం. ప్రతి ఫొటో కిందా అదే తీర్పు. ఆ ఫొటోలోని మనిషి పేరేమిటి అని అడిగేవాళ్లు తక్కువ. మార్షల్‌కు అతనొక నమూనా, విమర్శకుడికి అతనొక బాధితుడు, రెండుచోట్లా పేరు లేదు. పేరు దొరికే దారి ఉంది మరి. మానవశాస్త్రవేత్త డబ్ల్యూ. హెచ్. ఆర్. రివర్స్ 1901-02లో తోడల మధ్య పనిచేసి 1906లో వేసిన పుస్తకం వెనకభాగం నిండా వంశవృక్షాలే. మగా ఆడా, తాతలూ మనవలూ, ఏ పల్లె, ఏ తెగ అంతా అందులో ఉంది. ఎనిమిది వందల మంది సమాజంలో ముప్ఫై నలభై ఏళ్ల వ్యవధిలో తీసిన వందలాది ముఖాలు ఒకపక్క, పేర్లు ఇంకోపక్క. తోడ పెద్దల్ని కూర్చోబెట్టి ఈ రెండింటినీ కలిపితే కొన్ని ముఖాలైనా మనుషులవుతాయి. సిద్ధాంత గ్రంథం ఇంకొకటి రాయడం కన్నా ఇది మేలైన పని అని నా అభిప్రాయం.

మన వైపు నుంచి చూసేవాళ్లు తప్పకుండా పక్కపక్కన పెట్టాల్సిన ఫొటోలు ఇంకో జత ఉంది. 1876లో మొదలై రెండేళ్లు మద్రాసు రాజధానిని పిండేసిన కరువును మనవాళ్లు ధాత కరువన్నారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అందరికన్నా ఎక్కువ నష్టపోయాయి. మద్రాసు అశ్విక దళాధికారి విలోబీ హూపర్ ఆ కరువు బాధితుల ఫొటోలు తీశాడు. ఎముకలు లెక్కపెట్టగలిగేలా ఉన్న పెద్దలనూ పిల్లలనూ వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసినవి. అప్పుడు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్. ఆ కరువు రోజుల్లోనే, 1877లో, ఊటీలో గవర్నరు కోసం కొత్త భవనం పని నడుస్తోంది. తర్వాత రాజ్‌భవన్‌గా పేరుపడింది అదే. స్తంభాలు, పచ్చిక, పూలబాటలతో దాని ఫొటోలు తర్వాత ఎన్నో ఆల్బములకెక్కాయి.

ఈ రెండు రకాల ఫొటోలూ ఒకే ప్రభుత్వం కింద, ఒకే దశాబ్దంలో, ఒకే రసాయనంతో తయారైనవి. అయినా ఇవాళ్టికీ అవి వేర్వేరు అరల్లో ఉంటాయి. హూపర్‌వి కరువు చరిత్ర పుస్తకాల్లోకి, ఊటీవి పర్యాటక పుస్తకాల్లోకి వెళతాయి. కరువు ఫొటోలను విశ్లేషించే వ్యాసాల్లో ఊటీ కనబడదు, ఊటీ ఆల్బముల ముందుమాటల్లో కరువు కనబడదు. వేసవి విడిది అంటే మైదానం నుంచి తప్పించుకునే చోటు అని చరిత్రకారుడు డేన్ కెనెడీ 1996 నాటి తన పుస్తకంలో వివరంగా చెప్పాడు. ఇంగ్లండును మళ్లీ కట్టుకోవాలని దొరలు ఎంత ఆరాటపడినా, ఆ ఊళ్లు నడవడానికి వాళ్లకన్నా ఎన్నో రెట్లు భారతీయులు కావలసి వచ్చారనీ ఆయనే చూపించాడు. వేసవి విడిదుల మీద వచ్చిన పుస్తకాల్లో ఒక్కటే చదవగలిగితే అదే చదవమంటాను. తప్పించుకున్న మైదానం ఎలా ఉందో పక్కన చూపిస్తే ఆ వాదన ఇంకా బలంగా తగిలేది.

1870 నుంచి మద్రాసు ప్రభుత్వానికి ఊటీ అధికారికంగా వేసవి రాజధాని. ఎండలు ముదరగానే ఫైళ్లు, గుమాస్తాలు, బంట్రోతులతో సహా సచివాలయం కొండెక్కేది. గంజాం నుంచి చిత్తూరు దాకా మన జిల్లాల వ్యవహారం ఏటా కొన్ని నెలలు ఊటీ బంగళాల్లోనే తేలేది. 1920 తర్వాత ద్వంద్వపాలన వచ్చాక పానగల్లు రాజా, ఆ తర్వాత బొబ్బిలి రాజా లాంటి తెలుగు ప్రముఖులు ప్రభుత్వాన్ని నడిపిన రోజుల్లోనూ ఈ యాత్ర సాగింది. ప్రజాధనంతో చల్లదనమేమిటని పత్రికలు దెప్పిపొడిచేవి. క్లబ్బు మెట్ల మీద గుంపు ఫొటోలు, నక్కలకు బదులు గుంటనక్కల్ని తరిమే వేటకుక్కల ఫొటోలు, పూల ప్రదర్శనలు ఈ కాలంవి లెక్కలేనన్ని. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే.

పోస్టుకార్డులు వేరే సంగతి. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లో పళ్ల పట్టాల రైలు వచ్చింది, 1908లో ఆ లైను ఊటీ దాకా సాగింది. దాంతో పాటే జనం, జనంతో పాటే కార్డులు. హిగ్గిన్‌బోథమ్స్, స్పెన్సర్, వీలె అండ్ క్లైన్ లాంటి మద్రాసు సంస్థలు వేలాదిగా అమ్మాయి. అప్పట్లో ఇలాంటి కార్డులు చాలావరకు జర్మనీలో అచ్చయ్యేవి. నలుపు తెలుపు ఫొటో మీద ఎవరో ఎక్కడో కూర్చుని అద్దిన రంగులవి. అందుకే ఒకే సరస్సు ఒక కార్డులో గచ్చకాయ రంగు, మరో కార్డులో నెమలి మెడ రంగు. కలెక్టర్లు, జడ్జీల ఆల్బముల్లో బంధువులకు తప్ప దొరకని ఊటీని కార్డులు అణాల లెక్కన గుమాస్తా చేతికి తెచ్చాయి. ఈ కొనుగోలుదారుల గురించి పరిశోధన ఇంకా పలచగానే ఉంది. ఫొటో తీసినవాడి మీద వంద పేజీలు, కొన్నవాడి మీద ఒక పేరా.

తీయడానికి సాయపడ్డవాడి మీద అదీ లేదు. సికింద్రాబాదులో లాలా దీన్‌దయాళ్ 1880ల్లో స్టూడియో పెట్టి ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా, తెల్లదొరలకూ కావలసినవాడిగా ఎదిగాడు. ఆయన పేరు, ముద్ర, లెక్కల పుస్తకం మిగిలాయి. ఊటీ ఫొటోల కింద కనిపించే పేర్లు దాదాపు అన్నీ ఐరోపావాళ్లవే. పలక కడిగినవాడు, అచ్చు తీసినవాడు, గీతపడిన చోట కుంచెతో సరిదిద్దినవాడు ఎవరో తెలియదు. బడగల విషయంలో కొంత మేలు. 1846 నుంచి కేటి లోయలో పనిచేసిన బాసెల్ మిషను క్రైస్తవ ప్రచారకులు వాళ్ల మధ్య నివసించారు, వాళ్లను ఫొటోలు తీశారు. స్విట్జర్లాండులోని ఆ మిషను భాండాగారం ఇప్పుడు ఎవరైనా చూడగలిగేలా తెరిచి ఉంది. అక్కడి చిత్రాల్లో పొలాలున్నాయి, బడులున్నాయి, పల్లె వాకిళ్లున్నాయి. మిషను అవసరాలకు తీసినవే, వాటి పక్షపాతం వాటిది. అయినా నీలగిరులంటే తోడలూ దొరలూ మాత్రమేనన్న భ్రమను ఒక్క గంటలో వదిలిస్తాయి. ఊటీ మీద రాసేవాళ్లు లండన్ బ్రిటిష్ లైబ్రరీకి పోయినంత తరచుగా అటు పోకపోవడం ఆశ్చర్యం.

స్టూడియోల చరిత్రలో చెప్పుకోదగ్గ పని చేసింది విశ్వవిద్యాలయం మనిషి కాదు. పెన్ వంశీకుడు క్రిస్టఫర్ పెన్ తన పూర్వీకుడి గురించి ఆరా తీస్తూ మొదలుపెట్టి 2008లో ఒక పుస్తకం, 2014లో నికొలస్ సోదరులను కూడా కలుపుకుని మరొకటి తెచ్చాడు. ఏ నెగెటివ్ ఎవరిది, ఏ స్టూడియో ఎవరికి అమ్ముడుపోయింది, ఒకరి ఫొటో మరొకరి పేరుతో ఎలా చెలామణీ అయింది అన్న చిక్కుముళ్లు ఆయన ఓపిగ్గా విప్పాడు. సిద్ధాంతమేమీ ఉండదు వాటిలో. కానీ పాత ఫొటో మీద ఏ మాట అనాలన్నా ముందు అది ఏ ఏడాదిదో తెలియాలి కదా. వంశాభిమానం కొంచెం ఎక్కువైనట్టు అక్కడక్కడ అనిపిస్తుంది, అది పెద్ద లోపం కాదు. ఇలాంటి పని ఆలస్యమైతే ఏమవుతుందో కలకత్తా చెబుతుంది. బోర్న్ పేరుతో నడిచిన స్టూడియో 1991లో తగలబడి ఎంతో సరుకు బూడిదైంది. 2016లో ఆ స్టూడియో మూతపడింది.

ఫొటోలకు కాలం కుదిరాక నేలను చదవడం మొదలుపెట్టవచ్చు. సరస్సుతోనే చూద్దాం. ఇప్పుడు గుర్రప్పందాల మైదానం, బస్టాండు ఉన్నచోట 1860ల ఫొటోల్లో నీళ్లున్నాయి. ఒడ్డు గీత ఎక్కడెక్కడ ఎప్పుడు వెనక్కు జరిగిందో ఫొటోలను వరసగా పెట్టి మ్యాపు మీద గీయవచ్చు. గడ్డిభూములది ఇంకా పెద్ద కథ. నేల మీది మార్పులు గమనించడానికి ఉపగ్రహాలు వరసగా బొమ్మలు తీయడం 1972 నుంచే. ఆ బొమ్మలతో శాస్త్రవేత్తలు పళని కొండల్లో నాలుగు దశాబ్దాల్లోనే మూడింట రెండొంతుల గడ్డిభూమి కలప తోటలకూ సాగుకూ పోయిందని లెక్క తేల్చి 2018లో ప్రచురించారు. 1972కు ముందు నూరేళ్ల కోసం మనకున్న కళ్లు పెన్ లాంటివాళ్లవే. బంగళా ఫొటో కోసం పెట్టిన కెమెరాలో బంగళా వెనకున్న కొండ కూడా పడింది. దాని మీద ఎవరికీ ఆసక్తి లేదు కనుక ఎవరూ దాన్ని దిద్దలేదు. ఆ నిర్లక్ష్యమే దానికి ప్రామాణికత.

ఊటీ నుంచి గూడలూరు పోయే దారిలో వెన్‌లాక్ డౌన్స్ అనే గడ్డిభూమి ఉంది. 1890ల్లో గవర్నరుగా ఉన్న వెన్‌లాక్ పేరు. దొరల వేటకుక్కలు పరిగెత్తడానికి చెట్లు అడ్డు కాకూడదు కనుక అది చాలాకాలం గడ్డిగానే మిగిలింది. మన సినిమాలవాళ్లు పాటలు తీసే షూటింగ్ స్పాట్లు అటే. దేశానికి సొంత ఫొటో ఫిల్ము కావాలని 1960లో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ పెట్టినప్పుడు చల్లటి, దుమ్ములేని గాలి కోసం ఊటీనే ఎంచుకున్నారు. 1967 నుంచి అక్కడ తయారైన ‘ఇందు’ ఫిల్ముతో మన ఊళ్ల స్టూడియోల్లో పెళ్లి ఫొటోలు తీశారు, ఆసుపత్రుల్లో ఎక్స్‌రేలు తీశారు. డిజిటల్ దెబ్బకు ఆ కర్మాగారమూ మూతపడింది. నీలగిరి చిత్రాల చరిత్రలో దీనికో అధ్యాయం రావాలి. దొరల ఆల్బములు మూసేసిన చోటే పుస్తకాలన్నీ ఆగిపోతున్నాయి.

ఇప్పుడు తమిళనాడు ప్రభుత్వం ఆ కొండల మీది పరాయి చెట్లను తొలగించే పని విధానంగా చేపట్టింది. వాటిల్ కొట్టేసి గడ్డి మళ్లీ పెంచుతున్నారు. ఒకప్పుడు ఇక్కడ ఏముందో చూపించడానికి పాత చిత్రాలు వాదనలోకి వస్తున్నాయి. వచ్చిన కొద్దీ చిక్కు పెరుగుతోంది. ఏ ఏడాది చిత్రాన్ని కొలబద్దగా పెట్టుకోవాలి? 1837 నాటి బ్యారన్ కొండలా, 1869 నాటి బోర్న్ కొండలా, వేటకుక్కల కాలంవా? ఆ పలకల మీద నున్నగా కనిపించే గడ్డి దానంతటది అలా లేదు. తోడల గేదెలు మేసేవి, ఏటా ఎండిన గడ్డికి నిప్పు పెట్టేవాళ్లు, బడగలు అంచుల్లో సాగుచేసి వదిలేసేవాళ్లు. నిప్పు పెట్టడాన్ని అటవీ శాఖ నేరం చేసింది. మేత తగ్గింది, గేదెలూ తగ్గాయి. చెట్లు పీకినంత మాత్రాన ఫొటోలోని గడ్డి రాదని తోడ పెద్దలు చెబుతున్నది అందుకే. పాత ఫొటో మీద వాళ్ల మాట అడగడానికి ఇంతకన్నా మంచి సందర్భం రాదు, అడగవలసినవాళ్లు అటవీ శాఖ వాళ్లూ చరిత్రకారులూ ఇద్దరూ.